పోలిక పోయి పేరే మిగిలితే...

కందిలో జన్యువులు ఎన్ని? ఈ ప్రశ్నకు మన దేశం నుంచే రెండు జవాబులు వచ్చాయి. హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం చెప్పిన సంఖ్య 48,680. భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తల నాయకత్వంలోని మరో బృందం చెప్పిన సంఖ్య 47,004. రెండు బృందాలూ చదివింది ‘ఆశ’ అనే ఒకే కంది రకాన్ని. ఫలితాలు వెలువడిందీ ఇంచుమించు ఒకే సమయంలో, 2011-12లో. అయినా తేడా 1,676. ఇందులో ఎవరూ కూడికలో తప్పలేదు.

జన్యువులు బస్తాలోని కందుల్లా పోసి లెక్కపెట్టేవి కావు. యంత్రం చదివి ఇచ్చేది నాలుగే నాలుగు అక్షరాలతో కోట్ల పొడవున సాగే ఒక వరుస. అందులో జన్యువు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది, అది చేసే పనేమిటి అన్నవి ఆ వరుస మీద రాసి ఉండవు. సాఫ్ట్‌వేర్ ఊహించాలి. ఆ ఊహకు దొరికే ఆధారాల్లో ముఖ్యమైనది పోలిక. కందిలోని ఒక ముక్క సోయాలోనో, వరిలోనో ఇప్పటికే తెలిసిన జన్యువును పోలి ఉంటే, అది కూడా జన్యువే కావచ్చు, అదే పని చేస్తుండవచ్చు. వేలాది జన్యువులను ఒక్కొక్కటిగా ప్రయోగశాలలో పరీక్షించడం ఎవరి వల్లా కాదు కాబట్టి, నేడు డేటాబేస్‌లలో జన్యువుల పక్కన కనిపించే పేర్లలో అత్యధిక భాగం ఇలా పోలిక మీద పెట్టినవే.

అందులో తప్పు లేదు. చిక్కు ఆ తర్వాతి మెట్టులో ఉంది. పోలిక చూసి పేరు పెట్టాక, చాలా సందర్భాల్లో ఆ పోలికను పారేస్తున్నారు. పేరు ఒక్కటే మిగులుతోంది. ఇది ప్రోగ్రామర్లు తమలో తాము తేల్చుకోవలసిన చిన్న సాంకేతిక విషయంగా కనిపిస్తుంది గాని, దాని ఖర్చును భరిస్తున్నది జీవశాస్త్రం.

పోలికను వెతకడానికి ఎక్కువమంది వాడే సాధనం బ్లాస్ట్. 1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మయర్స్, లిప్‌మన్ దీన్ని ప్రకటించారు. ఇది రెండు వరుసలను మొదటి నుంచి చివరి దాకా సరిపోల్చదు. బాగా కలిసే చిన్న చిన్న ముక్కలను పట్టుకుని, వాటిని రెండు వైపులా ఎంతవరకు సాగదీయవచ్చో చూస్తుంది. అలా దొరికిన ప్రతి ఫలితాన్ని ‘హై స్కోరింగ్ సెగ్మెంట్ పెయిర్’ అంటారు. చివరి మాట గమనించదగినది: పెయిర్, అంటే జత. పోలిక ఒక వస్తువుకు ఉండే గుణం కాదు, ఇద్దరి మధ్య ఉండే సంబంధం. మన వరుసలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, అవతలి వరుసలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎన్ని అక్షరాలు కలిశాయి, మధ్యలో ఖాళీలెన్ని, స్కోరెంత, ఏ డేటాబేస్‌లో ఏ రోజున వెతికారు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌తో... ఇవన్నీ కలిస్తేనే అది పోలిక.

ఇక ప్రోగ్రాములో దీన్ని ఎలా దాచాలి? జీనోమ్ మీద గుర్తించిన ప్రతి విషయాన్నీ బయోఇన్ఫర్మాటిక్స్‌లో ‘అనొటేషన్’ అంటారు. వరుసలో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఫలానా విశేషం ఉంది అని చెప్పే చీటీ అది. ప్రోగ్రాములో ఆ చీటీ ఒక ఆబ్జెక్ట్ రూపం తీసుకుంటుంది: మొదలు, చివర, దిశ, రకం, మూలం అనే గళ్లున్న ఒక కట్ట. ఎక్సాన్ అయినా, పదే పదే వచ్చే పునరావృత వరుస అయినా ఈ గళ్లలో చక్కగా ఇముడుతుంది, ఎందుకంటే అవి ఒకే వరుస మీద ఉండేవి. పోలిక ఇమడదు. దానికి రెండు చివరలు. దాన్ని ఒక చివర ఉన్న చీటీలోకి కుక్కాలంటే రెండో చివరను కోసేయాలి. ఆ పనే రోజూ జరుగుతోంది. అవతలి వరుస చిరునామా, హద్దులు పోయి, ‘ఫలానా ఎంజైమ్‌ను పోలినది’ అనే ఒక్క వాక్యం మిగులుతుంది. ఇంకో చేయి మారేసరికి ‘పోలినది’ కూడా రాలిపోయి ‘ఫలానా ఎంజైమ్’ అవుతుంది.

పొలం కొనేటప్పుడు ఇలాంటి కాగితాన్ని తెలుగు నేల మీద ఎవరూ ఒప్పుకోరు. అమ్మిందెవరు, కొన్నదెవరు, నాలుగు దిక్కులా హద్దులేమిటి, రిజిస్ట్రేషన్ ఎప్పుడైంది, దానికి ముందు లింకు డాక్యుమెంట్లు ఏవి అని అడుగుతారు. ‘ఇది ఫలానా వాళ్ల పొలం అని ఊళ్లో అంటారు’ అంటే డబ్బు చేతికివ్వరు. జన్యువుల విషయంలో మాత్రం ఊళ్లో అనుకునే మాట మీదే పరిశోధనలు నడుస్తున్నాయి.

రెండో చివరను కోసేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఈ రంగంలో చాలాకాలంగా ప్రసిద్ధం. ఐఎంపీ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ ఉంది. డీఎన్‌ఏకు, ఆర్‌ఎన్‌ఏకు కావలసిన గ్వానిన్ న్యూక్లియోటైడ్ల తయారీలో ఇది కీలకం. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే మైకోఫినోలేట్ మందు అడ్డుకునేది దీన్నే. మనిషిలో ఈ ప్రోటీన్ పొడవు 514 అమైనో ఆమ్లాలు. అసలు రసాయన చర్య జరిపే భాగం ఒకటి. దాని మధ్యలో సుమారు 120 అమైనో ఆమ్లాల పొడవున సీబీఎస్ డొమైన్లు అనే జంట ఇమిడి ఉంటుంది. ఈ సీబీఎస్ డొమైన్లు ఈ ఎంజైమ్ సొంత ఆస్తి కావు. కణంలో శక్తి లెక్క చూసే ఏఎంపీకే ప్రోటీన్‌లో ఉన్నాయి, క్లోరైడ్ అయాన్లను దాటించే మార్గాల్లో ఉన్నాయి, ఇంకా ఎన్నో చోట్ల ఉన్నాయి.

1997లో ఆర్కియోగ్లోబస్ ఫుల్జిడస్ అనే, వేడిలో బతికే సూక్ష్మజీవి జీనోమ్ వెలువడింది. అందులో పలు ప్రోటీన్లకు ‘ఐఎంపీ డీహైడ్రోజినేస్ సంబంధిత’ అనే పేరు పడింది. వాటిలో ఉన్నది సీబీఎస్ డొమైన్లు మాత్రమే. చర్య జరిపే భాగం లేనే లేదు. బ్లాస్ట్ చెప్పింది అబద్ధం కాదు. పోలిక నిజంగానే ఉంది, స్కోరూ బాగానే ఉంది. అయితే ఆ పోలిక అవతలి ప్రోటీన్ మొత్తం పొడవులో నాలుగో వంతుకు మించదు, అది కూడా పనితో సంబంధం లేని నాలుగో వంతు. అవతలి వైపు హద్దులను పేరుతో పాటు దాచి ఉంటే, ఐదు వందల పైచిలుకు పొడవున్న ప్రోటీన్‌లో కలిసింది నూట ఇరవయ్యేనని చూడగానే తెలిసేది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వృత్తి ఒకటి కాదు. ఇక్కడైతే కలిసింది ఇంటిపేరు కూడా కాదు, ఇంటిపేరులో ఒక అక్షరం.

స్కోరు సంగతి మరో చిక్కు. బ్లాస్ట్ ఫలితంలో అందరూ ముందు చూసేది ఈ-వాల్యూ. అంత మంచి పోలిక కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరుకుతుందో చెప్పే అంచనా అది. ఎంత చిన్నదైతే అంత నమ్మకం. చాలామంది దీన్ని ఆ రెండు వరుసలకు సంబంధించిన స్థిరమైన విలువ అనుకుంటారు. కాదు. అది వెతికిన డేటాబేస్ పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. 300 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను 10 కోట్ల అక్షరాల డేటాబేస్‌లో వెతికితే 50 బిట్ల స్కోరుతో ఒక పోలిక దొరికిందనుకుందాం. ఈ-వాల్యూ సుమారు 0.00003 వస్తుంది. డేటాబేస్ వంద రెట్లు పెరిగి 1,000 కోట్ల అక్షరాలైతే, అదే పోలికకు, అదే స్కోరుకు, ఈ-వాల్యూ 0.003 దగ్గరకు చేరుతుంది. 0.001ని గీతగా పెట్టుకున్న ప్రయోగశాలలో మొదటి రోజు పాసైన పోలిక రెండో రోజు ఫెయిలవుతుంది. వరుసలు మారలేదు, జీవశాస్త్రం మారలేదు. కాబట్టి డేటాబేస్ పేరు, వెర్షన్ లేకుండా దాచిన ఈ-వాల్యూ తేదీ లేని చెక్కులాంటిది.

పోలిక దొరకకపోవడానికీ ఇదే వర్తిస్తుంది. 2001 ఫిబ్రవరిలో మానవ జీనోమ్ ముసాయిదా వెలువడినప్పుడు, మనిషిలోని 223 ప్రోటీన్లు బ్యాక్టీరియా ప్రోటీన్లను పోలి ఉన్నాయని, పురుగులు, ఈగల వంటి జీవుల్లో మాత్రం వాటికి పోలికలు దొరకలేదని గమనించారు. వాటిలో కొన్ని బ్యాక్టీరియా నుంచి నేరుగా వెన్నెముక జీవుల్లోకి వచ్చి ఉండవచ్చన్న వాదన సంచలనమైంది. అదే ఏడాది సాల్జ్‌బర్గ్, సహచరులు మరిన్ని జీవుల వరుసలను కలిపి మళ్లీ వెతికితే ఆ జాబితా 40 దరిదాపులకు కుదించుకుపోయింది. ‘లేదు’ అన్నమాటకు అర్థం ఆ రోజు డేటాబేస్‌లో లేదని మాత్రమే. ఆ రోజు ఏదో రాసిపెట్టి ఉండబట్టే ఇంత త్వరగా సరిదిద్దగలిగారు.

అలా సరిదిద్దే అవకాశం లేనివి ఎన్నో. 1999లో స్టీవెన్ బ్రెన్నర్ ఒక తెలివైన పని చేశారు. మైకోప్లాస్మా జెనిటాలియం అనే అతి చిన్న బ్యాక్టీరియా జన్యువులకు మూడు బృందాలు విడివిడిగా పేర్లు పెట్టాయి. ఒకటి కంటే ఎక్కువ బృందాలు పేరు పెట్టిన 340 జన్యువులను తీసుకుని, ఆ పేర్లు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూశారు. కనీసం 8 శాతం తప్పులని తేలింది. ‘కనీసం’ ఎందుకంటే అందరూ కలిసి ఒకే తప్పు చేస్తే ఈ పద్ధతికి దొరకదు. పదేళ్ల తర్వాత, 2009లో, అలెగ్జాండ్రా ష్నోస్, ప్యాట్రీషియా బాబిట్ తదితరులు ప్రయోగాల ద్వారా బాగా తెలిసిన 37 ఎంజైమ్ కుటుంబాలను తీసుకుని నాలుగు పెద్ద డేటాబేస్‌లను పరీక్షించారు. మనుషులు చదివి సరిచూసే స్విస్-ప్రాట్‌లో చాలా కుటుంబాలకు తప్పు దాదాపు సున్నా. జెన్‌బ్యాంక్, ట్రెంబుల్, కెగ్‌లలో మాత్రం ఎంజైమ్ మహాకుటుంబాన్ని బట్టి సగటున 5 నుంచి 63 శాతం దాకా. 37లో 10 కుటుంబాలకు ఏదో ఒక డేటాబేస్‌లో 80 శాతానికి పైగా తప్పులే.

ఈ తప్పులు పెరిగే తీరు సులువుగానే అర్థమవుతుంది. ‘అ’ను చూసి ‘ఆ’కు పేరు పెడతారు. మరుసటి ఏడాది మరో జీనోమ్‌లోని ‘ఇ’కి ‘ఆ’ను చూసి పేరు పెడతారు. ‘అ’కు పెట్టిన పేరు తప్పని పదేళ్లకు తేలుతుంది, ‘అ’ను సరిచేస్తారు. కానీ ‘ఆ’, ‘ఇ’ల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఏ గడిలోనూ రాసి లేదు కాబట్టి వాటిని ఎవరూ ముట్టుకోరు. ఏదో ఒక విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి ‘ఇ’ని క్లోన్ చేసి, ప్రోటీన్ తయారుచేసి, లేని చర్య కోసం ఏడాది పాటు బఫర్లు మారుస్తూ కూర్చుంటారు. ప్రయోగం విఫలమైందనే అనుకుంటారు తప్ప పేరు తప్పని తోచదు.

పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఉంది. పెర్ల్ భాషలో జీవశాస్త్ర ప్రోగ్రాములకు ఆధారమైన బయోపెర్ల్‌లో ‘ఫీచర్ పెయిర్’ అనే ఆబ్జెక్ట్ ఉంది. దానిలో ఒక చీటీ కాదు, రెండు ఉంటాయి: ఒకటి మన వరుస మీద, ఒకటి అవతలి వరుస మీద. దాని మీద కట్టిన ‘సిమిలారిటీ పెయిర్’లో స్కోరు, బిట్లు, ఈ-వాల్యూ లాంటివి చేరతాయి. బ్లాస్ట్ ఫలితాన్ని చదివిన ప్రోగ్రాము దాన్ని ఈ రూపంలో అందిస్తుంది కాబట్టి, అది ఒకవైపు మామూలు అనొటేషన్‌లా జీనోమ్ మీద అతుకుతుంది, మరోవైపు తన జతను పోగొట్టుకోదు. ఈ ఆలోచనలోని అందం ఇదే. పోలికను అనొటేషన్‌గా చూడవచ్చు, కానీ సగం కోయకుండా చూడాలి.

దీన్ని ఇంకా బాగా చేసి చూపింది యూరప్‌లోని ఎన్సెంబుల్ జీనోమ్ డేటాబేస్. అక్కడ ప్రోటీన్‌తో దొరికిన పోలికలకు, డీఎన్‌ఏతో దొరికిన పోలికలకు విడి పట్టికలున్నాయి. ప్రతి వరుసలో రెండు వైపుల హద్దులు, స్కోరు, ఈ-వాల్యూ, ఎంత శాతం కలిసింది, ఖాళీలు ఎక్కడెక్కడ అన్నవి ఉంటాయి. ఏ ప్రోగ్రాము, ఏ వెర్షన్, ఏ డేటాబేస్, దాని ఏ వెర్షన్ అన్నవి వేరొక పట్టికలో ఉండి, ప్రతి పోలికా దానికి ముడిపడుతుంది. వీటన్నిటికంటే విలువైనది మరొక చిన్న పట్టిక: ఫలానా ఎక్సాన్‌ను ఫలానా పోలికల ఆధారంగా గుర్తించాం అని చెప్పేది. అంటే తీర్పుకూ సాక్ష్యానికీ మధ్య దారం తెగలేదు. రేపు ఒక ప్రోటీన్ వరుసే తప్పని తేలితే, దాన్ని నమ్ముకుని గీసిన ఎక్సాన్లు ఏవో ఒక్క ప్రశ్నతో డేటాబేస్‌ను అడగవచ్చు.

అందరూ మార్చుకునే ఫైలు రూపం జీఎఫ్‌ఎఫ్3 కొంత మేలు, కొంత లోటు. తొమ్మిది గళ్ల ఈ పట్టికలో చివరి గడిలో ‘టార్గెట్’ అని రాసి అవతలి వరుస పేరు, హద్దులు ఇవ్వవచ్చు. కానీ స్కోరుకు ఉన్నది ఒక్క గడి. పోలికలకు అందులో ఈ-వాల్యూ రాయమని నిబంధన సిఫారసు చేస్తుంది. డేటాబేస్‌ను బట్టి మారే సంఖ్యను ఉంచి, మారని బిట్ స్కోరును వదిలేయడం సరైన ఎంపిక కాదు.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. పోలికలు లక్షల్లో వస్తాయి, అన్నీ దాస్తే డిస్కులు చాలవంటారు. అన్నీ దాచమని ఎవరూ అడగడం లేదు. పేరు పెట్టడానికి ఏ ఒకటి రెండు పోలికలు ఆధారమయ్యాయో అవి దాస్తే చాలు. ముడి డేటాతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఆబ్జెక్టులు కట్టుకుంటూ కూర్చుంటే ప్రోగ్రాము నెమ్మదిస్తుందని, రెండు లైన్ల స్క్రిప్టుతో పని అయిపోతుంటే ఇదంతా ఎందుకని మరో మాట. వేగం మాట నిజమే. అయితే రెండు లైన్ల స్క్రిప్టులు ఎక్కడ దొర్లుతాయో కూడా తెలిసిందే. బ్లాస్ట్ లెక్క 1తో మొదలవుతుంది, పైథాన్ లెక్క 0తో. డీఎన్‌ఏ వరుస తిరుగు దిశలో కలిస్తే బ్లాస్ట్ పట్టికలో మొదలు కంటే చివర చిన్న సంఖ్య అవుతుంది. జీఎఫ్‌ఎఫ్3లో అలా ఉండకూడదు, దిశను వేరే గడిలో చెప్పాలి. డీఎన్‌ఏలో హద్దు ఒక్క అక్షరం జరిగితే మూడేసి అక్షరాలుగా చదివే చదువు మొత్తం మారిపోతుంది. ఈ మార్పిడిని ప్రతి విద్యార్థీ ప్రతి స్క్రిప్టులో కొత్తగా రాయడం కంటే, బాగా పరీక్షించిన ఆబ్జెక్ట్ ఒక్కచోట చేయడం నయం. బయోపైథాన్‌లోని ‘సెర్చ్ ఐవో’ అనే భాగం ఫలితాన్ని చదివేటప్పుడే ఈ సంఖ్యలను పైథాన్ పద్ధతికి మారుస్తుంది.

‘జీవశాస్త్రవేత్తకు పేరు కావాలి, పేజీల కొద్దీ సాక్ష్యం కాదు’ అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. తెర మీద పేరే చూపించండి. కింద సాక్ష్యం ఉండాలన్నదే విషయం. జీన్ ఆంటాలజీ ఈ పనిని చిన్న గుర్తులతో ఎప్పటి నుంచో చేస్తోంది: ప్రయోగంలో నేరుగా తేలితే ఐడీఏ, వరుస పోలికను మనిషి చూసి నిర్ణయిస్తే ఐఎస్‌ఎస్, కంప్యూటరే పెట్టేస్తే ఐఈఏ. మూడు అక్షరాలు చూస్తే ఆ మాటను ఎంత నమ్మాలో తెలుస్తుంది.

మన దేశానికి ఇది ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, ఫరీదాబాద్‌లోని రీజినల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీలో 2022 నవంబరులో భారతీయ జీవశాస్త్ర డేటా కేంద్రం ప్రారంభమైంది. ప్రజాధనంతో జరిగే పరిశోధనల డేటాను దేశంలోనే భద్రపరిచే జాతీయ భాండాగారం ఇది. పంటలు, పశువులు, సూక్ష్మజీవుల జీనోమ్‌లు ఇటువంటి చోట్లకు చేరేటప్పుడు వరుసతో పాటు జన్యువుల పేర్లు, ఆ పేర్లతో పాటు వాటికి ఆధారమైన పోలికలు రెండు చివరలతో, డేటాబేస్ వెర్షన్‌తో చేరాలని మొదట్లోనే నియమం పెట్టడం తేలిక. పదేళ్ల తర్వాత వెనక్కి వెళ్లి వెతకడం అసాధ్యం. స్క్రిప్టు రాసిన విద్యార్థి అప్పటికి ఏ దేశంలో ఉంటారో, ఆ హార్డ్ డిస్క్ ఏ బీరువాలో ఉంటుందో ఎవరికి తెలుసు?

నియమం వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే బ్లాస్ట్ పట్టిక రూపంలో, అడగకుండా వచ్చే గళ్లు పన్నెండు. రెండు వైపుల హద్దులు, ఈ-వాల్యూ, బిట్ స్కోరు అందులో ఉన్నాయి. ఇరువైపుల మొత్తం పొడవులు లేవు, డేటాబేస్ పేరు లేదు. పొడవులు లేకపోతే ఐఎంపీ డీహైడ్రోజినేస్ తరహా బోల్తాను ఆ పట్టికలో ఎంత చూసినా పట్టుకోలేరు. అదే ఆదేశానికి రెండు గళ్లు జోడించమని అడిగితే పొడవులు వస్తాయి. పట్టికకు వ్యాఖ్య పంక్తులు కలిపే ఏడో నంబరు రూపాన్ని ఎంచుకుంటే ప్రోగ్రాము వెర్షన్, డేటాబేస్ పేరు పైన అచ్చవుతాయి. డేటాబేస్‌ను దించుకున్న తేదీని మాత్రం చేత్తో రాసుకోవాలి.